మన దానిమ్మలకు మచ్చ తెగులు లేదు

నాయనా, నేను కులాసా. ఫోనులో చెబితే "ఊ" అన్నావు గాని నమ్మలేదు, అందుకే కార్డు రాస్తున్నాను. ఆ దానిమ్మ చెట్లు కొట్టేయవద్దు!

నువ్వు పంపిన ఫొటోలు చూసి మా నానక్‌రామ్‌గూడ ఆఫీసులో పంట తెగుళ్లు గుర్తుపట్టే కంప్యూటరు మచ్చ తెగులేనంది. నాకు ఏడుపొచ్చింది. మా పై అధికారి ఉదయశ్రీ మేడమ్ ఫొటో పెద్దది చేసి, "జర ఆగు భార్గవీ, మీ నాయన మందు కొట్టినంక ఫొటో తీసిండా ఏంది?" అని నవ్వారు. నువ్వు బస్సులో పంపిన ఆకులు కడిగితే మచ్చలన్నీ పోయాయి, అవి మందు మరకలే! అసలు తెగులైతే, ఆకును వెలుతురుకు పట్టినప్పుడు మచ్చ చుట్టూ నూనె తడి కనిపిస్తుందట. నూనె తడి! ఎంత బాగుందో ఆ మాట. మన ఆకుల్లో మాత్రం అది లేదు.

ఇకమీదట ఫొటో తీశాకే మందు కొట్టు. అమ్మ మోకాలు ఎలా ఉంది? చెనిక్కాయల పొడి అయిపోయింది, పంపమను. అవ్వకు దండాలు. నారాయణప్ప మామ దగ్గర తెచ్చుకున్న రంపం ఈ రోజే తిరిగి ఇచ్చేయి.

నీ భార్గవి