కృపాకర్ చూపించే జాగలు

హైదరాబాద్,
సోమవారం

యోబు మామయ్యకు, అల్లుడు కృపాకర్ వందనాలతో రాయునది.

ఇక్కడ నేను క్షేమం. ఫోన్ చేస్తే "హలో" తర్వాత మీకేమీ వినపడటం లేదని, తను కొనిచ్చిన చెవి మిషన్ బీరువాలో భద్రంగా ఉందని మీ అమ్మాయి శ్రీవాణి వదిన చెప్పింది. అందుకే ఈ ఉత్తరం.

మామయ్యా, కాల్ సెంటర్ ఉద్యోగం మానేశాను. కంగారు పడకండి, సొంత పని మొదలుపెట్టాను. హైదరాబాద్‌లో పుట్టి పెరిగినవాళ్లకు కూడా తెలియని జాగలు ఎన్నో ఉన్నాయి. ఆదివారం పొద్దున్నే జనాన్ని సైకిళ్ల మీద తీసుకెళ్లి అవన్నీ దగ్గరుండి చూపిస్తాను. ముందుగా రిజిస్ట్రేషన్ చేసుకున్నవాళ్లకే. పోయిన వారం జర్మనీ నుంచి భార్యాభర్తలు వచ్చారు. పాతబస్తీలో ఒక జాగ చూసి ఇక కదలమని కూర్చున్నారు!

మీ దీవెనలు కోరే,
కృపాకర్

తా.క. సిద్దిపేటలో మనవాళ్లెవరైనా చూస్తామంటే పంపండి. తగ్గించి ఇస్తాను.


సిద్దిపేట,
గురువారం

ప్రియమైన అల్లుడికి, ప్రభువు నామంలో యోబు మామ దీవెనలు.

నీ ఉత్తరం చదివి, కుడుతున్న జాకెట్టు పక్కన పెట్టి కాసేపు ప్రార్థన చేసుకున్నాను. ఈ రోజుల్లో ఈ వ్యాపారాన్ని మించింది లేదు. గజ్వేల్ రోడ్డు మీద చెట్టుకొకడు ఇదే పని చేస్తున్నాడు. కానీ వాళ్లకు దొరికే గిరాకీ గొర్రెల కాపరులే. నీకు ఏకంగా జర్మనీ వాళ్లు!

మా ఎదురింటి దుబ్బయ్య నీకు తెలుసు కదా, మద్దూరులో పొలం అమ్మి ఆ సొమ్ము ముట్టుకోకుండా దాచినవాడు. నీ ఉత్తరం చదివి వినిపించాను. "కార్లల్ల తిప్పేటోడు అద్దాలెక్కిచ్చి సూపిస్తడు. సైకిల్ మీద తిప్పేటోడు ఏం దాస్తడే? గా పిల్లగాడే నమ్మకస్తుడు," అన్నాడు. అతని తరఫున అడుగుతున్నాను: అక్కడ నీళ్లకు ఇబ్బంది లేదు కదా? రోడ్డు ఎంత వెడల్పు? గొడవలేమైనా ఉన్నాయా?

నీ మేలు కోరే,
యోబు మామ

తా.క. ఆదివారం రిజిస్ట్రేషన్ ఎట్లా అవుతోంది? ఇక్కడ ఆఫీసుకు తాళం ఉంటుంది. తెలిసినవాళ్లు ఉంటే మంచిదే, కానీ ఉత్తరాల్లో రాయకు.


హైదరాబాద్,
ఆదివారం

మామయ్యకు కృపాకర్ వందనాలు.

గజ్వేల్‌లో కూడా ఇంతమంది ఈ పనిలో ఉన్నారని తెలిసి సంతోషించాను. సైకిల్ గురించి దుబ్బయ్య కాక అన్న మాట నా కరపత్రం మీద వేయించుకుంటాను.

ఆయన సందేహాలకు జవాబులు: నీళ్లు ఎవరివి వాళ్లే తెచ్చుకోవాలి. రోడ్డు చాలాచోట్ల ఇద్దరు పక్కపక్కన నడవలేనంత ఇరుకు. గొడవలు పెద్దగా లేవు కానీ, హెల్మెట్ మాత్రం తప్పనిసరి. దెబ్బ తగిలితే మాకు సంబంధం లేదని ముందే సంతకం తీసుకుంటాం. మధ్యలో ఎవరూ తప్పిపోకుండా వెనకాల మా మనిషి ఒకడు ఉంటాడు. రిజిస్ట్రేషన్‌కు ఆఫీసు ఎందుకు మామయ్యా? ఫోన్‌లో చిటికెలో అయిపోతుంది.

కాకను వచ్చే ఆదివారమే రమ్మనండి.

మీ,
కృపాకర్

తా.క. జర్మనీ వాళ్లకు జాగ ఎంత నచ్చిందో చెప్పలేను. ఆ పాత సమాధుల మధ్య కూర్చొని టిఫిన్ చేశారు.


సిద్దిపేట,
శుక్రవారం

అల్లుడు కృపాకర్‌కు యోబు మామ కన్నీళ్లతో రాయునది.

సమాధులు కూడా అమ్ముతున్నావా నాయనా?

సండే స్కూల్లో పది ఆజ్ఞలు తప్పు లేకుండా అప్పజెప్పిన పిల్లవాడివి. జనాన్ని ఇరుకు సందుల్లోకి తీసుకెళ్లి, సంతకం పెట్టించుకొని, పారిపోకుండా వెనకాల మనిషిని పెట్టి, ఫోన్‌లో రిజిస్ట్రేషన్ చేస్తావా? దీన్ని వ్యాపారం అనరు, కబ్జా అంటారు. ప్లాట్ల బ్రోకర్ అనుకొని గర్వపడ్డాను, మీ అమ్మకు ఏమని చెప్పను?

పోవద్దని దుబ్బయ్యను బతిమాలాను. అతని ఉత్సాహం ఇంకా పెరిగింది. "హెల్మెట్ పెట్టుకొని సూడవోవాల్నంటే గా జాగకు ఎంత డిమాండున్నదే, యోబన్నా!" అంటాడు. ఇంకో బ్రోకర్ ఎవడో సోమవారం అడ్వాన్సు ఇమ్మని అతన్ని తొందరపెడుతున్నాడు. నీది చూశాకే ఇస్తాడట. ఎల్లుండి తొలి బస్సుకు బయల్దేరుతున్నాడు. అతని పైసా ముట్టుకోకు.

దుఃఖంతో,
యోబు మామ

తా.క. కొలవడానికి టేపు, దిష్టికి నిమ్మకాయలు తెస్తున్నాడు. నేను విశ్వాసిని. నిమ్మకాయలతో నాకు సంబంధం లేదు.


హైదరాబాద్,
సోమవారం

మామయ్యా, వందనాలు. మీ ఉత్తరం ఇప్పుడే అందింది. చదివి తల పట్టుకున్నాను.

నేను ప్లాట్లు అమ్మను! పాత కట్టడాలు, గల్లీలు, కార్ఖానాలు తిప్పి చూపిస్తాను. చూడటం, ఇంటికి పోవడం, అంతే.

నిన్న దుబ్బయ్య కాక బస్సు దిగేటప్పటికే హెల్మెట్‌తో ఉన్నాడు. సైకిల్ మాత్రం అందరికంటే బాగా తొక్కాడు. కూలిపోయిన పాత బాటసారుల సరాయి దగ్గర టేపు తీసి కొలవడం మొదలుపెడితే, ఆయన పురావస్తు శాఖ మనిషి అనుకొని అందరూ ఫోటోలు తీశారు. పతంగుల కార్ఖానాలో "గిది అమ్ముతరా?" అని అడిగాడు. "అమ్మకపోతే బతికేదెట్ల చాచా?" అన్నాడు యజమాని. కాక చాలాసేపు బేరమాడాడు. చివరికి చేతిలో రెండు పతంగులు పెట్టేసరికి తెల్లబోయాడు.

చివరికి ఊరి అంచున ఎండిన చెరువు దగ్గర ఆగాం. గట్టు రాళ్ల మీద నీటి చార చూపించి, వానలు పడితే నీళ్లు ఇక్కడిదాకా వస్తాయని చెప్పాను. అటు అంచున కనిపిస్తున్న పసుపు కమాను వైపు కాక వేలు చూపించాడు.

"గా పసుపు కమాను దిక్కు గూడ వస్తయా?"

"కమాను సగం మునుగుతుంది కాకా."

అంతే. సైకిల్ అక్కడే పడేసి, ఆటో ఎక్కి వెళ్లిపోయాడు. చాయ్ కూడా తాగలేదు. మనమిద్దరం కలిసి మోసం చేశామని అనుకున్నట్టున్నాడు. మీరు కొన్నాళ్లు శ్రీవాణి వదిన ఇంట్లో ఉండటం మంచిది.

భయంతో,
కృపాకర్

తా.క. అంత కోపంలోనూ పతంగులు మాత్రం చిరగకుండా పట్టుకున్నాడు. అదొక్కటే ఆశ.


సిద్దిపేట,
గురువారం

మా బంగారు అల్లుడికి, యోబు మామ వేయి దీవెనలు.

నీ ఉత్తరం రాకముందే దుబ్బయ్య వచ్చాడు. సోమవారం పొద్దున వీధి చివర అతన్ని చూసి, నేను కుట్టుమిషన్ వెనకాల కూర్చొని కీర్తన మొదలుపెట్టాను. చంద్రవ్వ కూడా ఏడుస్తూ వెనకే వస్తోంది. భార్యను కూడా తెచ్చాడంటే నా పని అయిపోయిందనుకున్నాను.

"యోబన్నా, ఏడున్నవే? బయటికి రా!" అన్నాడు. లేచి నిలబడ్డాను. వచ్చి గట్టిగా పట్టుకున్నాడు. కొడతాడనుకొని కళ్లు మూసుకున్నాను. నా భుజం తడిసింది. అతనూ ఏడుస్తున్నాడు!

అసలు సంగతి ఏమిటంటే, అడ్వాన్సు ఇమ్మన్న బ్రోకర్ ఎండాకాలంలో ఏసీ కార్లో తీసుకెళ్లి చూపించిన ప్లాటు ఆ పసుపు కమాను లోపలే ఉంది. నువ్వు ఇంకో దిక్కు నుంచి గట్టు మీదికి తీసుకెళ్లబట్టి అది చెరువని తెలిసింది.

"లేక్ వ్యూ అన్నడన్నా వాడు! గది వ్యూ కాదే, లేకే!" అని నవ్వుతూ ఏడ్చాడు.

"మా ముసల్దినాల బువ్వ నీల్లల్ల వోసెటోల్లమే. గా పిల్లగాని కడుపు సల్లగుండ," అని చంద్రవ్వ దండం పెట్టింది. పైసలు బ్యాంకులోనే ఉన్నాయి. వాళ్లిద్దరూ రాత్రి కంటినిండా నిద్రపోయారట. నేను మాత్రం ఈరోజు నీ ఉత్తరం చూశాక, మా అల్లుడు బ్రోకర్ కాదని నిమ్మళంగా అన్నం తిన్నాను.

నీ పని నాకు ఇంకా పూర్తిగా అర్థం కాలేదు. మానకు.

సంతోషంతో,
యోబు మామ

తా.క. మన గల్లీలో అడ్వాన్సులు ఇచ్చినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నట్టు తేలింది. ఆదివారానికి బస్సు మాట్లాడారు. పాత కట్టడాలు వద్దట, నీకు తెలిసిన చెరువులన్నీ చూపించు.