వెనక టైరు చప్పుడు

పెద్దమ్మాయికి నాన్న రాసేది. మేమిద్దరం బాగున్నాం, మేం వండుకుని పడుకునే ఈ ఇంటిబండీ బాగుంది. బెంగపడకు.

లారీ నడిపినన్నాళ్ళూ పొద్దున్నే టైర్లన్నీ ఇనుపరాడ్డుతో కొట్టి, చప్పుడును బట్టి గాలి ఉందో లేదో చెప్పేవాణ్ణి కదా. ఈ బండికీ అంతే. మొన్న కొట్టి చూసి అన్నీ బాగున్నాయన్నాను. మీ అమ్మ స్టవ్వు దగ్గర్నుంచే, "వెనక టైర్లలో ఒకటి చప్పగా మోగిందండీ, మళ్ళీ చూడండి" అంది.

"టైర్ల సంగతి నాకు చెప్పొచ్చావా? వంట చూసుకో" అని కసిరాను. ఆవిడ స్టవ్వు ఆర్పి, సంచి భుజాన వేసుకుని దిగిపోయింది. "మీరు పదండి, నేను బస్సులో వస్తా" అంది. ఇక చచ్చినట్టు గాలి కొలిచే గేజీ పెట్టి చూశాను. వెనక జంటటైర్లలో లోపలిదానికి మేకు దిగి సగం గాలి పోయింది. ముందున్నది కొండ దిగే దారి. ఆ చక్రం మీదే మీ అమ్మ కూర్చునే సీటు.

పంక్చరు వేయించి, ఆవిణ్ణి బతిమాలి మళ్ళీ బండెక్కించాను. ఇప్పుడు నేను కొడుతుంటే ఆవిడ వింటోంది. ఒక్క మాట దెప్పలేదు, అదే నాకు కష్టంగా ఉంది.

మీ స్నానాలగది కుళాయి కారడం ఆగిందా? ఊరికే బిగించొద్దు, వాషరు మార్చమను. చంటిదానికి జ్వరం తగ్గిందా?

అల్లుడు ఆదివారం ఇటే వస్తున్నాడట. నువ్వు కొనిస్తే నేను విసిరికొట్టిన చెవిమిషను ఇంకా ఉంటే అతని చేతికిచ్చి పంపు. అమ్మకు చెప్పకు, పెట్టుకుని నేనే కనిపిస్తాను.

పిల్లలకు దీవెనలు. బ్యాటరీలు మర్చిపోకు.

నాన్న