ఐదక్షరాల తాళాలు

నా నోటుపుస్తకం పట్టుకుని నువ్వు ఆడవాళ్లు బట్టలు మార్చుకునే గదిలో పదిహేడు లాకర్లు తెరిచావు. దుప్పట్లు మడతపెట్టే మడతల పిన్ని లాకర్లోంచి కాగితం తీసి మేనేజరు చేతిలో పెట్టావు. ఆవిడ ఉద్యోగం పోయింది. ఇదంతా నువ్వే చేశావు బావా. ఇన్నాళ్లూ నిన్ను మీరు అన్నాను. ఇప్పుడు ఆ మాట రాయబోతే చెయ్యి రావడం లేదు.

ఆదివారం మీ ఇంటికి నా పుస్తకం కోసమే వచ్చాను. నువ్వు లేవు. అక్క బీరువా మీంచి తీసి ఇస్తూ నవ్వింది. "మీ బావ కూడా ఇంగ్లీషు నేర్చుకుంటున్నారురా. పెన్సిలు పట్టుకుని కూర్చుంటే పిలిచినా పలకరు" అంది. ముచ్చటపడుతూ చెప్పింది, పాపం. పుస్తకం తెరిచాను. మాటల పక్కన పెన్సిలు టిక్కులు, టిక్కుల పక్కన నీ చేతిరాతలో లాకరు నంబర్లు. 'లినెన్' పక్కన ఇరవై రెండు. అది పిన్ని లాకరు.

లాండ్రీలో ఆసుపత్రి దుప్పట్ల మూటలు విప్పేది నేనే కదా. నెత్తురు, చీము, వాంతులు, పేరు చెప్పడానికి కూడా బాగుండనివి. మూడేళ్లలో నా ముక్కు చచ్చిపోయిందనుకున్నాను. మీ ముందుగదిలో ఆ పేజీలు తిప్పాక పెరట్లోకి వెళ్లి రెండుసార్లు చేతులు కడుక్కున్నాను. ఆడవాళ్ల గదిలోకి ఏ వేళప్పుడు వెళ్లావు? ఎవరి లోపలిబట్టలు పక్కకు జరిపి వెతికావు? పని అయ్యాక ఆ చేతులతోనే ఇంటికెళ్లి అన్నం కలుపుకున్నావా?

నా తప్పు కూడా రాస్తాను, దాచడం నీకు అలవాటు, నాకు కాదు. నేను ఏడో క్లాసులో బడి మానేసినవాణ్ణి. మిషన్ల మీద, పెట్టెల మీద, గోడల మీద ఉన్న అక్షరాలు కూడబలుక్కుని ఇంగ్లీషు నేర్చుకున్నాను. అందరూ డిక్షనరీగాడు అన్నారు. వెక్కిరింతే అయినా నాకు బాగానే ఉండేది. కిందటేడు కొత్త తాళాలు ఇచ్చారు. ఐదు చక్రాలు, ఒక్కో చక్రం మీద పది ఇంగ్లీషు అక్షరాలు. ఎవరికి నచ్చిన మాట వాళ్లు పెట్టుకోవచ్చన్నారు కానీ అన్ని మాటలూ కుదరవు. మొదటి చక్రం మీద ఎ లేదు. ఏప్రన్ అని పెట్టుకుందామని ఇస్త్రీ అమ్మాయి అరగంట తిప్పి తిప్పి, తాళం చేసినవాడి ఏడు తరాలనూ తిట్టింది. అప్పుడే నువ్వొచ్చి నా భుజం మీద చెయ్యి వేశావు.

"ఒరేయ్ డిక్షనరీ, ఏ మాటలు కుదురుతాయో లిస్టు రాసిపెట్టరా. మాట మర్చిపోయి ఏడ్చేవాళ్ల తాళాలు కోయలేక చస్తున్నాను."

సూపర్‌వైజరు నన్ను అడిగాడు, అందులోనూ మా బావ అడిగాడు అని పొంగిపోయాను. వారం రోజులు కూర్చున్నాను. ఈ అక్షరంతో మొదలై ఆ అక్షరంతో ముగిసే ఐదక్షరాల మాటలేవి అని బుర్ర బద్దలు కొట్టుకుని మూడు వందలకు పైగా రాశాను. అక్కడితో ఆగితే అన్నీ తిప్పి చూడ్డానికి నీకు చెమటలు పట్టేవి. నేను ఆగలేదు. ఇంగ్లీషు రానివాళ్లు కళ్ల ముందు కనిపించిన మాటే పెట్టుకుంటారని నాకు తోచింది. మా హాల్లో ఎక్కడో ఒకచోట రాసి ఉన్న నలభై మూడు మాటల కింద గీతలు గీశాను. స్టీమ్, వాటర్, టవల్, ప్రెస్, షీట్. మర్చిపోయినవాళ్లకి త్వరగా దొరుకుతుందని గీశాను. తెలివైనవాణ్ణని నువ్వు అనుకోవాలని కూడా గీశాను. నువ్వు "భలే" అన్నావు. ఆ భలే తలుచుకుంటే ఇప్పుడు నా మీద నాకే అసహ్యం వేస్తోంది.

పిన్నికి మాట చెప్పింది కూడా నేనే. "నాకేది గుర్తుంటుందో నువ్వే చూడు నాయనా" అంది. "రోజూ నీ ముందుండే బండి మీద లినెన్ అని రాసుంది కదా పిన్నీ, అదే పెట్టు" అన్నాను.

ఆ కాగితంలో ఏముందో చదివావు కదా? మందపాటి గ్లవ్స్ ఇవ్వండి అని ఉంది, అంతే. దుప్పట్లలో సూదులు వస్తున్నాయి. పోయిన నెల పిన్ని అరచేతిలో ఒకటి దిగి విరిగింది. అది ఏ రోగి సూదో ఎవరికి తెలుసు? ముప్ఫై ఒక్క సంతకాలు, అందులో మొదటిది ఆవిడది. సంచి పట్టుకుని వెళ్లిపోతూ నా దగ్గర ఆగింది. "ఆ మాట నీకూ నాకూ తప్ప ఎవరికీ తెలియదు కదరా" అంది. తిట్టలేదు. తిడితే బాగుండేది.

బుధవారం లోపల జవాబు రాయి.

నీ బావమరిది

*

బావమరిదికి ఆశీస్సులు.

ఆవేశం తగ్గించుకో. లాకర్లు తనిఖీ చేయడం సూపర్‌వైజరుగా నా పని. పుస్తకంలో ఉన్నది మాత్రం నీ చేతిరాత. రేపు గొడవైతే ముందు బయటికి పోయేది నువ్వే. నిన్ను పనిలో పెట్టించింది ఎవరో మర్చిపోకు. కనీసం మీ అక్క ముఖం చూసైనా ఊరుకో. ఆదివారం భోజనానికి రా, అన్నీ మాట్లాడుకుందాం.

మీ బావ

*

అక్క ముఖం చూడమన్నావు. చూశాను. నీ ఉత్తరం తెచ్చింది అక్కే. కవరు అంటించకుండా ఇచ్చావట, దారిలో చదివేసింది. వచ్చి నీకు రాసిన ఉత్తరం చిత్తుప్రతి నా దగ్గరుంటే అదీ అడిగి చదివింది. రెండూ మడిచి నా ఒళ్లో పెట్టింది. తర్వాత, "నా ముఖం అడ్డం పెట్టుకోవద్దని రాయి. తిన్నగా రాయి, నీ ఇంగ్లీషు చూపించకు" అంది. ఆ పరిస్థితిలోనూ నాకు నవ్వొచ్చింది. అక్కకి రాలేదు.

ఇక నా చేతిరాత సంగతి. నిన్న అన్నాల టైములో క్యాంటీన్‌లో బల్ల పక్కన నిలబడి లాకర్లు తెరిచిన మాటల పుస్తకం నాదేనని, తెరుచుకున్నవాటికి టిక్కులున్నాయని చెప్పాను. నీ పేరు చెప్పలేదు, అడిగినా చెప్పలేదు. ఇస్త్రీ అమ్మాయి లేచింది.

"నా మాట కూడా ఉందా అందులో?"

"ఉంది."

"టిక్కు?"

"ఉంది."

"నా ఆపరేషన్ కాగితాలున్నాయిరా అందులో! మా ఆయనకి కూడా చూపించలేదు వాటిని" అని నా మొహం మీద ఉమ్మింది. తుడుచుకున్నాను. అది నాకు రావలసిందే. సగం నీకు రావలసింది.

సాయంత్రం పిన్ని ఇంటికి వెళ్లాను. చేతికి కట్టు ఇంకా ఉంది. అంతా విని, "నువ్వు గీతలు గీశావు, ఒప్పుకున్నావు. సరే, కూర్చో" అంది. నేను కూర్చున్నాక, "లాకరు తెరిచినవాడు ఎవడు?" అని అడిగింది. ఆవిడకి అబద్ధం చెప్పలేకపోయాను. "అయితే ఆయన నోటితో వినాలి. నువ్వు చెబితే అది నీ తప్పులాగే ఉంటుంది" అంది. ఆ మాట నిజం. నేను ఎంత ఒప్పుకుంటే నువ్వు అంత శుభ్రంగా కనిపిస్తున్నావు. ఇంతకంటే రోత ఇంకోటి లేదు.

అందుకే అడుగుతున్నాను. బతిమాలడం లేదు. ఎవరూ తెరవమనకుండా, ఎవరికీ చెప్పకుండా లాకర్లు తెరిచానని నీ చేతిరాతతో మేనేజరుకి రాసి సంతకం పెట్టు. పిన్నిని తిరిగి తీసుకోమని అందులోనే రాయి. దాని నకలు తీసుకుని నువ్వే వెళ్లి పిన్ని ముందు నిలబడి చదువు. ఆ పదిహేడు మందికీ క్యాంటీన్‌లో చెప్పు. ఉమ్మితే తుడుచుకో. అక్క నా గదిలోనే ఉంది. ఇంటికి వస్తుందో లేదో నువ్వు చేసేదాన్ని బట్టి తనే నిర్ణయించుకుంటుంది, నేను ఒక్క మాట కూడా కలగజేసుకోను.

భోజనానికి రాను. శుక్రవారం మధ్యాహ్నం రెండు గంటలకి షిఫ్టు మారేలోపల నీ జవాబు పిన్ని చేతిలో ఉండాలి, నా చేతిలో కాదు. లేకపోతే రెండూ ఐదుకి నీ చేతిరాత నంబర్లున్న ఆ పుస్తకం సంతకాలు పెట్టిన ముప్ఫై ఒక్క మంది ముందు తెరుస్తాను.

డిక్షనరీగాడు