రెండో ఇయర్‌ఫోన్

కిష్టవ్వకు,
నా కంటి ఆపరేషన్ బాగా అయింది, పరేషాన్ కావద్దు. ఒళ్లు మండే సంగతి వేరే ఉంది. ఇక్కడ నారాయణఖేడ్‌లో మన బిడ్డ ఇంట్లో స్టీరియోలో భజన పెడితే గోలట! అల్లుడు నా చెవుల్లో ఇయర్‌ఫోన్ కుక్కాడు. దోమ పాడినట్టు వినిపించింది. స్టీరియోకూ ఇయర్‌ఫోన్‌కూ నడుమ చప్పుడు పెంచే చిన్న యాంప్లిఫయర్ ఉండాలట. దుకాణం నడిపే ఇర్ఫాన్ ఒకే ఇయర్‌ఫోన్ పట్టేది చూపి, "గిది తీస్కో తాతా, మంచి బరువుంది" అన్నాడు.

"బరువేం జేస్కుంట? భజనంటే నేనొక మాటంటే అందుకునేటోళ్లుండాలె. ఒక్కన్నే చెవులు మూస్కొని చేసేది భజనానా?" అని కసిరి, ఇద్దరు వినేలా రెండు ఇయర్‌ఫోన్లు తగిలించేది తెచ్చాను.

కందులు ఎండాయా? మనవలకు నా దీవెనలు. రెండో ఇయర్‌ఫోన్ పెట్టుకుని పాట అందుకునేవాళ్లు ఈ ఇంట్లో ఒక్కరూ లేరు. కందులు పక్కింటి నర్మదకు అప్పజెప్పి, ఈ కార్డు అందగానే బస్సెక్కు.
హన్మయ్య