అక్కకు చెప్పకుండా కొన్న కారు

పలాస,
ఆదివారం మధ్యాహ్నం

ప్రియమైన అక్కకు,

దేవుని దయ నీకూ బావగారికీ తోడుండాలని ఇక్కడ పూటపూటా తలుచుకునే నీ చెల్లెలు సుగుణ రాసేది. నేను క్షేమం. నీ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? చెవి మిషను పెట్టుకుంటున్నావా, లేక ఇంకా బీరువాలోనే ఉందా? ఫోనులో నా మాట నీకు వినపడక, బావగారు మధ్యలో కూర్చుని ప్రతి మాటా గట్టిగా తిరిగి చెప్పడం నాకు బాగా లేదు. ఇప్పుడు రాసే సంగతి ఆయన నోటి మీదుగా నీకు చేరడం అసలే ఇష్టం లేదు. అందుకే ఉత్తరం.

తిండికి లోటు లేదు. వంట నేనే చేసుకుంటున్నాను. మన చీరాలలోలాగే ఇక్కడా చెమటే గానీ, సాయంత్రానికి గాలి తిరుగుతుంది. జీడిగింజలు కాల్చే పొగకు మొదట్లో దగ్గు వచ్చేది, ఇప్పుడు రావడం లేదు. డయాలసిస్ వార్డులో పని ఎక్కువే. అయినా నా ఆరోగ్యం బాగుంది, నిద్ర పడుతోంది, నా గురించి బెంగ పెట్టుకోకు.

ఇక అసలు మాట. అక్కా, నేనొక కారు కొన్నాను. కొని నాలుగు నెలలైంది.

బావగారి కారులాంటిది కాదు. ఎర్రది. రెండే తలుపులు, ఇద్దరికే చోటు. నేలకు ఆనుకుని ఉంటుంది. కుర్రాళ్లు ముచ్చటపడి తోలే రకం. పై దేశపు కంపెనీది, నాకు ముందే ముగ్గురి చేతులు మారింది. నలభై ఎనిమిదేళ్ల నర్సుకు ఇదేం బుద్ధి అని నువ్వు కళ్లజోడు తీసి పక్కన పెట్టి ఉంటావు. మళ్లీ పెట్టుకో, చెప్పాల్సింది చాలా ఉంది.

నేను డ్యూటీకి వెళ్లే దారిలో ఒక జీడిపప్పు వ్యాపారి గోదాం ఉంది. ఆయన కొడుకు ఈ కారును సెకండ్ హ్యాండులో తెచ్చి, ఒక ఏడాది తిరిగి, మోజు తీరాక బస్తాల పక్కన టార్పాలిన్ కప్పి వదిలేశాడు. రోజూ ఆ టార్పాలిన్ కింద నుంచి ఎర్రటి మూల ఒకటి కనిపించేది. ఒకరోజు ఉండబట్టలేక లోపలికి వెళ్లి, ఒక్కసారి కూర్చోవచ్చా అని గుమస్తాను అడిగాను. ఆయన దుమ్ము దులిపి తలుపు తీశాడు. కూర్చున్నాక నాకు లేవాలనిపించలేదక్కా. ఇన్నేళ్లూ బస్సుల్లో నిలబడ్డాను, ఎవరి స్కూటరు వెనకో కూర్చున్నాను. డ్రైవింగు నేర్చుకుని లైసెన్సు తీసుకుని కూడా ఎనిమిదేళ్లుగా దాన్ని పర్సులోనే మోశాను. నీకు చెబితే వద్దంటావు, నువ్వు వద్దంటే నేను కొనను. కాబట్టి చెప్పలేదు. ఈ ఒక్కదానికి నన్ను క్షమించాలి.

మొదటి రెండు రోజులు బాగానే నడిచింది. మూడో రోజు హైవే మీద టెక్కలి దాటి కోటబొమ్మాళి దగ్గరికి వచ్చేసరికి ముందు నుంచి తెల్లటి ఆవిరి. పక్కకు ఆపి దిగాను. ఒక లారీ డ్రైవరు చూసి ఆగి, రేడియేటరు మూత ముట్టుకోబోతున్న నన్ను వారించి, చల్లారేదాకా అరగంట నాతో పాటు నిలబడి, తన డబ్బాలో నీళ్లు పోసి పంపాడు. పలాసలో మెకానిక్ రేడియేటరు పైపు మార్చాడు. వారం తిరక్కుండా మళ్లీ వేడెక్కింది. తర్వాత లైట్లు పోయాయి. ఆ తర్వాత రైల్వే గేటు ముందు ఇంజను ఆగిపోతే ఆటోవాళ్లు నలుగురు దిగి, "తొయ్యు మావ, సిస్టరమ్మకి డ్యూటీ టైమైపోతన్నాది" అని నవ్వుకుంటూ ఆసుపత్రి దాకా తోశారు. ఒక ఆదివారం పాస్టరుగారు కళ్లు మూసుకుని ప్రార్థన చేస్తుంటే బయట దాని హారను దానంతట అదే మోగడం మొదలుపెట్టింది. సంఘమంతా కళ్లు తెరిచి నన్నే చూసింది. నేను పరుగెత్తి బ్యాటరీ తీగ పీకేదాకా ఆగలేదు. ఏది చెడినా మెకానిక్ దాన్ని బాగుచేసేవాడు. వారానికి ఇంకొకటి చెడేది. ఇది తన చేతిలో పని కాదని చివరికి అతనే చెప్పేశాడు.

అమ్మేద్దామనే అనుకున్నాను. అప్పుడే ఢిల్లేశ్వరరావు కలగజేసుకున్నాడు.

ఆయన మా వార్డుకు వారానికి రెండుసార్లు వచ్చే పేషెంటు. నీకు తెలుసుగా, ఈ ఉద్దానం ఊళ్లలో ఇంటికొకరన్నట్టు కిడ్నీలు పాడవుతున్నాయి. ఈయనకు యాభై ఉంటాయి. ముంబైలో పెద్ద గ్యారేజీలో ఇరవై ఏళ్లు పనిచేసి, జబ్బు బయటపడ్డాక ఇంటికొచ్చాడు. ఆ ముంబై సంగతి అప్పటికి నాకు తెలియదు. మంచం ఎక్కగానే గోడ వైపు తిరిగి, నాలుగు గంటలూ ఒక్క మాట మాట్లాడేవాడు కాదు. ఎలా ఉన్నారంటే, "ఏటున్నాది, ఉన్నాను" అనేవాడు. ఇంక రానని భార్య పార్వతితో రెండుమూడుసార్లు అన్నాడట. ఒకరోజు నేను పక్క మంచం దగ్గర ఆయాతో నా కారు గోడు చెప్పుకుంటుంటే, గోడ వైపున్న మనిషి ఇటు తిరిగాడు.

"పరిగెడతన్నప్పుడు ఏడెక్కుతాదా సిస్టరు, ఆగినప్పుడా?" అన్నాడు.

ఆలోచించి, గేట్ల దగ్గర, సంతలో ఆగినప్పుడే అని చెప్పాను.

"అలాగైతే పైపు కాదు, ఫ్యాను తిరగట్నేదు. రేపు బండి ఏడెక్కినాక బానెట్ తీసి సూడండి. సెయ్యి పెట్టకండి, సూడండి అంతే."

చూశాను. ఫ్యాను తిరగడం లేదు. ఆ మాట చెబితే ఆయన ముఖంలో మొదటిసారి ఏదో కదిలింది. అప్పటి నుంచి ఆయన వచ్చినప్పుడల్లా నేను సూదులు పెట్టి మిషను కలిపాక, కారుకు ఏం చెడిందో చెప్పడం, ఆయన ప్రశ్నలు అడగడం, నేను ఇంటికి వెళ్లి బానెట్ తీసి చూసి మళ్లీ వచ్చి చెప్పడం. కరెంటు కలిపే రిలే ఎక్కడుంటుందో, ఫ్యూజు కాలిపోతే ఎలా కనిపిస్తుందో నాకిప్పుడు తెలుసక్కా. నా గోళ్ల కింద గ్రీజు చూస్తే నువ్వు నన్ను వంటగదిలోకి రానివ్వవు. పార్వతి ఒకసారి నా చెయ్యి పట్టుకుని, "ముందురోజే సొక్కా తీసి పెట్టుకుంటన్నాడు సిస్టరమ్మా, ఏటి మందిచ్చినారు?" అని అడిగింది.

పోయిన నెలలో ఒక సోమవారం ఆయన రాలేదు. గురువారమూ రాలేదు. ఫోను చేస్తే పార్వతి ఏడుస్తోంది. వాళ్ల ఊళ్లో ఆయనతోపాటు డయాలసిస్‌కు వచ్చే స్నేహితుడు పోయాడట. అప్పటి నుంచి గోడ వైపు తిరిగి పడుకుని, ఇక ఆ ఆసుపత్రి గుమ్మం తొక్కనంటున్నాడట. రెండు వాయిదాలు తప్పితే ఏమవుతుందో నాకు తెలుసు. శుక్రవారం పొద్దున నాకు సెలవు. మధ్యాహ్నానికి ఒక మిషను ఖాళీ ఉంచమని డాక్టరుగారిని అడిగి, కారు తీశాను.

వజ్రపుకొత్తూరు దాటాక వాళ్ల ఊరు. జీడితోటలు, కొబ్బరితోటల మధ్య సన్నటి రోడ్డు. ఊరు కనబడుతోంది అనగా ఇంజను ఒక్కసారి గొంతు పట్టినట్టు ఆగిపోయింది. ఎన్నిసార్లు తిప్పినా లేవలేదు. ఆ ఎండలో స్టీరింగు మీద తల పెట్టుకుని, ఈ కారు కొన్నందుకు మొదటిసారి నన్ను నేను తిట్టుకున్నాను. తోటలో పనిచేస్తున్న ఇద్దరు వచ్చి, ఎవరింటికో తెలుసుకుని, వాళ్ల వాకిట్లోకి తోసి పెట్టారు.

ఆయన అరుగు మీద నులక మంచంలో ఉన్నాడు. ముఖం, పాదాలు ఉబ్బి ఉన్నాయి. ఊపిరి బరువుగా తీస్తున్నాడు. నన్ను చూసి కళ్లు మూసుకున్నాడు. దారి పొడుగునా ఆయనకు చెప్పాలని కూర్చుకున్న మాటలన్నీ పక్కన పెట్టాను. మంచం పక్కన కింద కూర్చుని, "కారు ఆగిపోయింది ఢిల్లేశ్వరరావు గారూ" అన్నాను. నిజం కూడా అదే.

ఆయన కళ్లు తెరవకుండానే, "తాళం తిప్పితే ఎనకాల గుయ్‌మని సప్పుడొత్తన్నాదా?" అన్నాడు.

వెళ్లి తిప్పి విని వచ్చాను. "రావట్లేదు."

"పెట్రోలు పంపుకి కరెంటు అందట్నేదు. స్టీరింగు కింద ఫ్యూజుల డబ్బా ఉంటాది, సూడండి."

వెళ్లి వంగి చూశాను. నాకేమీ అర్థం కాలేదు. ఆ మాటే వచ్చి చెప్పాను. ఆయన పార్వతిని పిలిచి చెయ్యి ఆసరా తీసుకుని లేచాడు. పది అడుగులు నడవడానికి రెండుచోట్ల ఆగాడు. డ్రైవరు పక్క సీటులో ఒరిగి, స్టీరింగు కిందికి చెయ్యి పెట్టి తడిమి, ఒక తీగ బయటికి లాగాడు. దాని మీద తొడుగు లేదు, రాగి కనిపిస్తోంది. ఇంకొకటి లాగాడు, అదీ అంతే.

"ఎలకలు" అన్నాడు. "జీడి గోదాంలో ఉన్నాదన్నారు కదా. తీగలన్నీ కొరికేసినాయి. ఫ్యాను, లైట్లు, హారను, ఇప్పుడు పంపు. నాలుగు కాదు సిస్టరు, రోగం ఒకటే. మనం దాన్ని సూడనేదు."

తెగిన తీగ రెండు కొసలూ మెలిపెట్టి కలిపాడు. నేను తాళం తిప్పితే వెనకాల గుయ్‌మంది. ఇంజను లేచింది. ఆయన అలసిపోయి సీటుకు తల ఆనించాడు.

"మధ్యాహ్నానికి మిషను ఖాళీ పెట్టించాను" అన్నాను. "ఇలాగే కూర్చోండి, వెళ్దాం."

"ఎందుకు సిస్టరు? ఎన్నాళ్లని?"

ఇరవై అయిదేళ్ల నుంచి నర్సు పని చేస్తున్నానక్కా, అయినా ఉన్న మాటే చెప్పాను. "ఎన్నాళ్లో నాకు తెలీదు. దారిలో ఆ తీగ మళ్లీ ఊడితే ఏం చెయ్యాలో కూడా నాకు తెలీదు. మీకు తెలుసు" అన్నాను.

ఆయన నా వంక చూశాడు. పార్వతి గుమ్మంలో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడి ఉంది. "సొక్కా అట్టుకురా" అన్నాడు ఆమెతో.

పలాస దాకా ఆయన ఎడమ చెయ్యి ఒళ్లో పెట్టుకుని, కుడి చెయ్యి డాష్‌బోర్డు కిందికి చాచి, ఆ అతుకును పట్టుకునే కూర్చున్నాడు. నేను రోడ్డును చూడడం, ఆయన ఊపిరి వినడం. గతుకులొచ్చినప్పుడల్లా, "నెమ్మది, నెమ్మది" అన్నాడు. పార్వతి వెనకాల ఆటోలో వచ్చింది. నాలుగు గంటల డయాలసిస్ అయ్యాక ఆయన ముఖంలో వాపు కాస్త దిగింది. ఆరోజు గోడ వైపు తిరగలేదు. నన్ను పిలిచి, "ఆ తీగలన్నీ ఇప్పి కొత్తవెయ్యాల. మా ఇంటికాడ ఒగ్గేయండి, నాను సూసుకుంటాను" అన్నాడు.

కారు పదిహేను రోజులు వాళ్ల కొబ్బరిచెట్ల కింద ఉంది. డయాలసిస్ లేని రోజుల్లో గంటో రెండు గంటలో పని, తర్వాత మంచం. కొత్త తీగలు విశాఖ నుంచి నేను తెప్పించి ఇచ్చాను. వార్డుకు వచ్చిన ప్రతిసారీ పని ఎక్కడిదాకా వచ్చిందో చెప్పేవాడు. ఆ స్నేహితుడి గురించి కూడా కొంచెం కొంచెం చెప్పాడు.

నీ ఉత్తరం ఆ రోజుల్లోనే అందింది. చీరాల ఆసుపత్రిలో నర్సు పోస్టు ఖాళీ ఉందని బావగారు కనుక్కోవడం, దరఖాస్తు నింపి నా సంతకం కోసం పంపడం, నా గదికి సున్నం వేయించడం, అన్నీ రెండుసార్లు చదివాను. అమ్మ పోయాక నన్ను పెంచింది నువ్వు. నీ మాట నేనెప్పుడూ కాదనలేదు. కానీ అక్కా, ఆ కాగితం సంతకం చెయ్యకుండా ఈ కవరులోనే పెడుతున్నాను. నేనిక్కడ దిక్కులేక లేను. గేటు దగ్గర ఆటోవాళ్లు నన్ను సిస్టరమ్మా అని పలకరిస్తారు. ఆదివారం సంఘంలో నా పక్కన చోటు పట్టి ఉంచే ఆడవాళ్లున్నారు. పార్వతి పనసపొట్టు కూర వండితే నాకు డబ్బాలో పంపుతుంది. నువ్వంటే విసుగొచ్చి కాదు. ఇది మాత్రం గట్టిగా నమ్ము.

నిన్న సాయంత్రం కారు తెచ్చుకుందామని బస్సులో వాళ్ల ఊరు వెళ్లాను. ఢిల్లేశ్వరరావు కారు కడిగి సిద్ధంగా ఉంచాడు. తాళం నా చేతికిచ్చాడు. ఇద్దరికే చోటున్న బండి కదా, పార్వతి ఒక్కసారి కూడా ఎక్కలేదని నాకప్పుడు తట్టింది. ఆయన బీపీ చూశాను, బాగుంది. తాళం తిరిగి ఆయనకే ఇచ్చి, ఇద్దరినీ సముద్రం దాకా వెళ్లి రమ్మన్నాను.

పార్వతి సిగ్గుపడింది. "పొయ్యి మీద అన్నముడుకుతున్నాది సిస్టరమ్మా" అంది.

"నేను చూస్తానులే" అన్నాను.

వాళ్లు వెళ్లిపోయారు. నేను వాళ్ల పొయ్యి ముందు పీట వేసుకుని కూర్చుని అన్నం వార్చాను. కోళ్లను గంప కింద పెట్టాను. పక్కింటామె తొంగి చూసి, ఎవరూ ఏమిటీ అని అడక్కుండా, రెండు కొబ్బరికాయలు అరుగు మీద పెట్టి వెళ్లింది. సూర్యుడు దిగుతుండగా వాళ్లు తిరిగొచ్చారు. గాలికి పార్వతి జడంతా ఊడిపోయింది, కాళ్లకు ఇసుక. దిగుతూనే నా దగ్గరికొచ్చి చెప్పింది:

"దారిలో ఎక్కడా ఆగనేదు సిస్టరమ్మా. సముద్రం కాడ మేం ఆపితేనే ఆగింది."

పోతే, ఒక చిన్న పని. మన వీధి నేతగాళ్ల దగ్గర మెత్తని దుప్పటి ఒకటి కొని పంపు, వార్డులో చలికి ఢిల్లేశ్వరరావు కప్పుకోవడానికి. నీకు పచ్చి జీడిపప్పు రేపు పార్సిలు చేస్తాను. మునగకాడల్లో వేసి వండు, బావగారికి నచ్చుతుంది. ఆయనకు నా నమస్కారాలు. పెద్దమ్మగారికీ, మన పాస్టరుగారి ఇంటివాళ్లకీ నా వందనాలు చెప్పు. నా మీద కోపమొస్తే కోపంగానే రాయి, కానీ రాయి. నీ ప్రార్థనలో నన్ను తలిచేటప్పుడు వాళ్లిద్దరి పేర్లు కూడా కలుపు. నీ దీవెన ఒకటి ఉంటే నాకిక్కడ ఏ లోటూ లేదు.

ఎప్పటికీ నీ ప్రేమగల చెల్లెలు,
సుగుణ