రోడ్డువైపు కిటికీ

జూన్ 1, ఆదివారం. ఉదయం 9.00
ఇక మా ఇంట్లోకి లారీ శబ్దం రాదు. రాసి పెట్టుకోండి!

కారణం నా భార్య భువన. హోసూరు కంపెనీలో ఆమెకు పోయిన నెల నుంచి నైట్ షిఫ్టు. పొద్దున ఎనిమిదికి వచ్చి పడుకుంటుంది. పడుకోవడం వరకే, నిద్ర ఉండదు. సూళగిరిలో మా ఇల్లు హైవే పక్కనే, తాత కట్టింది. పడకగది కిటికీ చెక్కలు ఎంత వంకరపోయాయంటే, మూసినా సందులో నాలుగు వేళ్లు దూరుతాయి.

నిన్న భువన తేల్చి చెప్పేసింది. "పదైదు దినాలు చూస్తానప్పా. నిద్ర పట్టకుంటే వేప్పనపల్లిలో మాయమ్మ ఇంటికి పోతా. ఆణ్ణించే డ్యూటీకి పోతా."

పన్నెండేళ్ల కాపురం. ఆమె లేకుండా ఈ ఇంట్లో ఎలా ఉండాలో నాకు తెలియదు. అందుకే శబ్దం ఆపే రెండద్దాల కిటికీ పెట్టిస్తున్నాను. శపథం: దాన్ని ఎవరూ తెరవకూడదు. అమ్మ తెరవకూడదు. నేను అసలే తెరవకూడదు.

జూన్ 3, మంగళవారం. సాయంత్రం 4.10
వడ్రంగి మారియప్ప కిటికీ బిగించాడు. తాత గోడలో ఒక్క మూలా సరిగ్గా లేదట. తాతను తిట్టుకుంటూనే సందులన్నీ గట్టిపడే ఫోమ్ నురుగు కొట్టి పూడ్చాడు.

మూశాం. టిప్పర్ లారీ పోయింది. కనిపించింది, వినిపించలేదు! నేను చప్పట్లు కొట్టాను.

"చెవుడు వచ్చినట్టుందిరా చంద్రా," అంది అమ్మ.

జూన్ 4, బుధవారం. మధ్యాహ్నం 2.00
భువన ఐదు గంటలు నిద్రపోయింది!! లేచి నన్ను చూసి నవ్వింది. కాఫీ కూడా తనే పెట్టింది. నేను ముందే చెప్పానా లేదా?

జూన్ 6, శుక్రవారం. సాయంత్రం 6.30
భువన మార్కెట్‌కు పోయినప్పుడు కిటికీ ఒక్క నిమిషం తెరిచాను. శపథం తప్పినట్టు కాదు. ఎంత శబ్దం ఆగుతోందో చూడొద్దా?

సరే, నాలుగు నిమిషాలు. బయట ఎవరో గొడవ పడుతున్నారు. సగంలో ఎలా మూస్తాం?

జూన్ 7, శనివారం. ఉదయం 11.00
ఒక చిక్కు.

అమ్మ వంటింట్లో ఫోన్ మాట్లాడుతోంది, జవళగిరిలో ఉండే తిమ్మక్క పెద్దమ్మతో. "మా కోడలా? యాడక్కా, ఇంకా లేయలే. పదకొండయినాది. రాణి మాదిరి పండుకోనుంది."

పడకగది తలుపు తెరుచుకుంది. భువన వచ్చి అమ్మ వైపు ఒక చూపు చూసింది. మంచినీళ్లు తాగి లోపలికి పోయింది.

మా ఇంట్లో మెల్లగా మాట్లాడటం ఎవరికీ రాదు. లారీ వస్తే గొంతు పెంచుతాం, పోయాక దించడం మరిచిపోతాం. యాభై ఏళ్లుగా ఇదే. అమ్మ రోజూ ఇలాగే మాట్లాడేది. ఇన్నాళ్లూ ఆ మాటల్ని హైవే మింగేసింది.

జూన్ 8, ఆదివారం. ఉదయం 10.00
మెల్లగా మాట్లాడమని అమ్మకు చెప్పాను.

"నేను మెల్లగానే మాట్లాడతా ఉండా!" అంది. ఎదురుగా టీ కొట్టు మునిరాజు తలెత్తి చూశాడు.

జూన్ 10, మంగళవారం. మధ్యాహ్నం 12.15
తప్పు నాదే. లేదు, సగం నాది.

శరవణన్ ఫోన్ చేశాడు, చిన్ననాటి స్నేహితుడు. కిటికీ ఎట్లుందని అడిగాడు. "కిటికీ బాగుందప్పా. ఆమెకే ఎంత చేసినా మెప్పు లేదు," అన్నాను. మాట వరసకు అన్నాను! మొగుళ్లంతా అనుకునేదే!

భువన జుట్టు ముడేసుకుంటూ బయటికొచ్చింది. నా మాటను అక్షరం పొల్లు పోకుండా నాకే అప్పజెప్పింది. తర్వాత అటక మీది సంచి దించింది.

జూన్ 12, గురువారం. ఉదయం 8.50
భువన డ్యూటీ నుంచి వచ్చి కిటికీ రెండు రెక్కలూ బార్లా తెరిచింది. గదంతా హారన్లు. నేను పరుగెత్తాను.

"మూయి! లారీలు!"

"లారీలు నన్నేమీ అనవు గదప్పా," అని గోడవైపు తిరిగి పడుకుంది.

నాకు సిగ్గేసింది. అమ్మ నా వెనకే నిలబడి ఉంది. ఆ మాట ఆమె కూడా వింది. వెనక్కి తిరిగి వంటింట్లోకి పోయింది.

జూన్ 14, శనివారం
కిటికీ తెరిచే ఉంది. శపథం గంగలో కలిసింది. భువనకు నిద్ర లేదు. సంచిలో నాలుగు చీరలు. రేపటికి పదిహేను రోజులు.

జూన్ 15, ఆదివారం. ఉదయం 9.30
"పోయి ఆ కిటికీ మూయరా," అంది అమ్మ. మూశాను. భువన కళ్లు మూసుకునే ఉంది.

అమ్మ ఫోన్ తీసుకుని నేరుగా పడకగది గోడ దగ్గరికి వచ్చింది. తన మామూలు గొంతుతోనే మొదలుపెట్టింది. "అక్కా, ఆ పొద్దు నేనన్న మాట తప్పు. మా కోడలు రాత్రంతా మిషను ముందర నిలబడి వచ్చింది. పగలు పండుకోక ఏం చేస్తాది? ఆ బిడ్డ లేకుంటే ఈ ఇంట్లో నాకు ఒక ముద్ద గూడా దిగదు."

ఎదురెదురుగా నిలబడి ఇలాంటి మాట చెప్పడం మా అమ్మకు చేతకాదు. నాకూ చేతకాదు. కళ్లు తుడుచుకున్నాను.

లోపలి నుంచి గొంతు వచ్చింది. "వినపడిందత్తా. పోయేది లేదులే. ఇంక పండుకోనీ."

జూన్ 16, సోమవారం. మొదటి రోజు
కొత్త శపథం! కిటికీ సరే, ఇక మూయాల్సింది మా నోళ్లు. ఇంట్లో అందరూ మెల్లగా మాట్లాడాలి.

8.30: భువన పడుకుంది.
8.35: నియమాలన్నీ అమ్మకు వివరంగా చెప్పాను.
8.36: భువన లేచింది.
8.40: మొదటి రోజు రేపటి నుంచి.