మూడు వేళ్ల లోతు

ఆత్మకూరు, శుక్రవారం

నా మెటల్ డిటెక్టర్ అడుగున నేలను వెతికే చక్రం, కాయిల్, పగిలింది. పెద్దది వేస్తే లోతుకు పనిచేస్తుంది. చిన్నదైతే చిన్న వస్తువును వదలదు. "పెద్దదే తీసుకోరా, ఉదయగిరి కొండ మీద నిధులుండాయి" అన్నాడు షాపు రమణ. నాకూ ఆశ పుట్టింది.

అంతలో చేజర్ల నుంచి సుబ్బమ్మ అనే ఆమె నన్ను వెతుక్కుంటూ షాపుకే వచ్చింది. నాట్లు వేస్తుంటే తాళిబొట్టు మడిలో జారిపోయిందట. మెడలో పసుపు తాడుకు పసుపు కొమ్ము కట్టుకుని ఉంది. మొగుడు నెల్లూరు ఆస్పత్రిలో ఉన్నాడు.

"ఎంత లోతుంటుందమ్మా?"

మూడు వేళ్లు చూపించింది. "నారు గుచ్చినంతే నాయనా. ఆయనకు మాత్రం చెప్పబాకండి."

చిన్న కాయిలే తెప్పించమన్నాను. నాలుగు రోజులు పడుతుందన్నాడు రమణ.

ఆమె పసుపు కొమ్మును గుప్పిట్లో పట్టుకుంది. "ఆయన నాలుగు రోజులు ఉంటాడు గదా, నాయనా?"

కాయిల్ గురించి అడిగి ఉంటే చెప్పేవాణ్ణి.